లంఖణం మీద కోపం

మా సైన్సు అయ్యవారు పోయారు. రాయదుర్గం నుంచి ఆయన భార్య రాసిన కార్డు నాకు నాలుగు రోజులు ఆలస్యంగా అందింది. "మీ సారు బేస్తవారం పొద్దున పోయినారు. గుండె నిలిచిపోయిందని డాక్టరు చెప్పినాడు. నీకు రాయమని ఎవురూ చెప్పలా, నాకే రాయాలనిపించింది" అని నాలుగు ముక్కలు. చదివి నేను ఏడవలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో అప్పటికప్పుడు తెలియలేదు కానీ వారం తిరక్కముందే తెలిసిందనుకున్నాను.

ఆయన పనిచేసిన, నేను చదువుకున్న మా ఊరి హైస్కూల్లో సంతాపసభ పెట్టారు. విడిగా తీయించుకున్న ఫోటో ఆయనకు లేదు. ఏదో గ్రూపు ఫోటోలోంచి తల ఒక్కటీ కత్తిరించి పెద్దది చేయించారు. పక్కవాళ్ల భుజం ముక్క కూడా దాంతోపాటు వచ్చింది. ఆ ఫోటోకు దండ వేసి మొదట మాట్లాడింది మా ఊళ్లో సూదులు వేసే కాంపౌండరు. ఇప్పుడు ఆయన్ని అందరూ డాక్టరుగారు అంటున్నారు. "సారు శాంతమూర్తి. జన్మలో ఒకర్ని పల్లెత్తు మాట అనలేదు" అన్నాడు ఆ పెద్దమనిషి.

నవ్వాలో లేచి మైకు లాక్కోవాలో తెలియలేదు నాకు. పల్లెత్తు మాట అనలేదా? బస్టాండులో నలుగురి ముందర "నీ చేతిలో సూది ఉండాది సరే, తలకాయలో ఏముండాదప్పా" అని ఇదే కాంపౌండర్ని నిలదీసింది ఎవరు? మా అయ్యవారు కోపిష్టి. అలాంటి ఇలాంటి కోపిష్టి కాదు, చాక్‌పీసు విరిగితే చాక్‌పీసుతో పోట్లాడే మనిషి. ఆయన మంచి చెప్పదలచుకున్నవాళ్లు అక్కడి నుంచే మొదలుపెట్టాలి. చచ్చిపోయాడు కదా అని ఆయన కోపాన్ని కూడా పాతిపెడితే నేను ఊరుకోను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన మాకు తొమ్మిది, పది తరగతుల్లో జీవశాస్త్రం చెప్పారు. డెబ్భైల చివర్లో మాట. పుస్తకంలో కణం పాఠం తీయగానే "పాక్షిక పారగమ్య త్వచం" అని ఒక మాట ఉంటుంది. అది ఒకసారి చదివి, పుస్తకాన్ని బల్ల మీదకు విసిరేవారు. "పొర అంటే వీళ్ల సొమ్మేం పోయింది? మీ అమ్మ పాలు కాస్తే పైన కట్టేది ఏమి? ఉల్లిగడ్డ ఒలిస్తే చేతికొచ్చేది ఏమి? పొర. కణం చుట్టూ ఉండేదీ పొరే. గోడ అనుకోవద్దండి. తలుపులుండే గోడ అది. ఎవురిని రానియ్యాల, ఎవురిని బయటికి తొయ్యాల అని దానికి తెలుసు. మనుషులకే తెలీదు."

దానికి ఒక ముక్తాయింపు కూడా ఉండేది. "పొర సంగతి తెలియకుండా పడే పాటే పొరపాటు." ఆ వ్యుత్పత్తి తప్పని తెలుగు అయ్యవారు స్టాఫ్ రూములో మొత్తుకునేవారట. వ్యాకరణం మీద కూడా కోపం తెచ్చుకోగలిగిన మనిషి మా అయ్యవారు.

ద్రవాభిసరణ చెప్పడానికి ఇంటి నుంచి మామిడికాయ ముక్కలు తెచ్చి, ఉప్పు కలిపి, గాజు సీసాలో పోసి కిటికీలో పెట్టారు. పొద్దున పొడిగా ఉన్న సీసాలో మధ్యాహ్నానికి అడుగున నీళ్లు. "ఎవురు పోసినారు ఈ నీళ్లు? ఎవురూ పోయలా. ముక్కలోని కణాలు ఇచ్చుకున్యాయి. ఉప్పు యాడ ఎక్కువుంటే నీళ్లు ఆడికి పోతాయి. ఊరగాయ అని పేరు పెట్టిన ముసలమ్మకు ఈ సంగతి తెలుసు. మీకు మార్కులకు తప్ప తెలీదు" అన్నారు. తర్వాత ఆ ఊరగాయ క్లాసులోనే తిన్నాం. ఆ కరువు ఏడు మామిడికాయ కూడా మాకు అపురూపమే.

ఎంజైము పాఠం నాడు జరిగింది చెప్పకుండా ముందుకు పోలేను. ఆయన భార్య కాల్చిన జొన్నరొట్టెలు గుడ్డలో కట్టుకొచ్చి, తలా ఒక ముక్క ఇచ్చారు. "నమలండి. మింగొద్దండి. తీపి తగిలేదాకా నమలతానే ఉండండి. నోట్లో ఊరే నీళ్లలో ఒక ఎంజైము ఉండాది. పిండిని పట్టుకోని చక్కెర చేస్తాది. చేసినాంక అది అట్లనే ఉంటాది, అరగదు, తరగదు, ఇంకో ముక్క పట్టుకుంటాది. అట్లాంటి పనోడు ఈ జిల్లాలో ఒక్కడున్నాడా?" అందరూ నవ్వుతూ నములుతున్నారు. ఆయన వరసగా అడుగుతూ నా దగ్గరికి వచ్చారు.

"తీపి తగిలిందా?"

"మింగేసినాను సార్."

ఇంకో ముక్క ఇచ్చారు. అది కూడా నోట్లో నిలవలేదు.

"పొద్దున ఏం తిన్యావు?" అని అడిగారు. నేను తల దించుకున్నాను. వానలు లేక రెండు పంటలు పోయిన ఏడు అది. మా ఇంట్లో పొద్దున పొయ్యి ముట్టించడం మానేసి నెల దాటింది. ఆయన క్లాసులోంచి బయటికి వెళ్లిపోయారు. కాసేపటికి హెడ్మాస్టరు గదిలోంచి ఆయన అరుపులు మా క్లాసుకు వినపడ్డాయి. "ఖాళీ కడుపుకు కణం గురించి ఎట్ల చెప్పేదప్పా? నువ్వు చెప్పు, నేను వింటా."

ఆ తర్వాత ప్రతి సోమవారం మాకు ఎంజైము ప్రయోగమే. గుడ్డ నిండా రొట్టెలు వచ్చేవి. మింగొద్దని మళ్లీ ఎప్పుడూ అనలేదు. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు రికార్డు చూసి "ఒకే ప్రయోగం ఎన్నిసార్లు చేస్తారండీ" అని అడిగితే, "ఫలితం నిలకడగా వచ్చేదాకా సార్" అని బిర్రబిగుసుకుని నిలబడి చెప్పారు. ఆ రొట్టెల కోసం ఆ ఇంట్లో ఎవరు పస్తు ఉన్నారో అడగాలన్న బుద్ధి ఆ వయసులో నాకు పుట్టలేదు.

కణానికి శక్తి ఎందుకో చెప్పేటప్పుడు మాత్రం మా బావుల్ని పట్టుకున్నారు. అప్పటికి మా వైపు ఎద్దులతో నీళ్లు తోడే కపిలలు ఇంకా ఉన్నాయి. "కణం పొరలో పంపులుంటాయి. లోపలికొచ్చిన ఉప్పును పగలూ రేయీ బయటికి తోడతానే ఉంటాయి. మన కపిల మాదిరే. కపిలకు ఎద్దు కావాల, ఎద్దుకు మేత కావాల. మేతెయ్యకుండా కపిల తోలేవాణ్ణి ఏమంటారు?" అని అడిగారు. "పిచ్చోడంటారు సార్" అన్నాం అందరం. "లంఖణం పరమౌషధం అనేవాణ్ణి కూడా అదే అనండి" అన్నారు.

ఆ సామెత మీద ఆయనకున్న కోపం ఇంక దేని మీదా లేదు. అజీర్తి చేసినవాడికి చెప్పిన మాటను తీసుకొచ్చి, వాంతులూ విరేచనాలతో ఒళ్లు వట్టిపోయే పసిపిల్లలకు అంటగట్టారని ఆయన బాధ. మా ఊళ్లలో పిల్లలకు భేదులు పట్టుకుంటే తిండీ నీళ్లూ రెండూ ఆపేవాళ్లు. దాన్ని "కట్టెయ్యడం" అంటారు. అనంతపురం లైబ్రరీలో ఏదో ఇంగ్లీషు పత్రికలో చదివి వచ్చి, పరీక్షకు లేకపోయినా మాకు ఒక పీరియడంతా ఆ సంగతే చెప్పారు. పేగు కణాల పొరలో ఒక తలుపుంది. ఉప్పు ఒక్కటే వస్తే అది తెరుచుకోదు, చక్కెర ఒక్కటే వచ్చినా తెరుచుకోదు. రెండూ కలిసి వస్తే తెరుచుకుంటుంది, వాటి వెనకాలే నీళ్లు లోపలికి పోతాయి. భేదులు పట్టుకున్నప్పుడు కూడా ఆ తలుపు చెడిపోదు. చెంబెడు కాచి చల్లార్చిన నీళ్లు, మూడు వేళ్లతో తీసిన చిటికెడు ఉప్పు, గుప్పెడు చక్కెర. "నాలిక మీద ఏసుకోని చూడండి. కన్నీళ్ల కంటే ఉప్పగుంటే పారబోసి మళ్లా కలపండి." నేను దాన్ని నోటు పుస్తకంలో రాసుకుని, ఆయన పెట్టిన పరీక్షలో పొల్లు పోకుండా రాసి, నిండు మార్కులు తెచ్చుకున్నాను.

ఆ ఎండాకాలంలోనే ఊరిమీద వాంతిభేదులు పడ్డాయి. బావులు ఎండిపోయి, చెరువులో చెలమలు తవ్వుకుని ఆ నీళ్లే తాగుతున్నాం. రెండేళ్ల మా చెల్లెలికి పట్టుకుంది. మా అవ్వ నీళ్ల కడవను లోపలింట్లో పెట్టి గడియ వేసింది. "లోపల ఏమీ లేకుంటే బయటికి ఏం పోతాది? అదే నిలబడతాది" అంది. కాంపౌండరు వచ్చి సూది వేసి, చుక్క నీళ్లు కూడా తాపొద్దని చెప్పి వెళ్లాడు. చెల్లెలు ఏడుస్తుంటే కళ్లలో నీళ్లు రావడం లేదు. నాకు అంతా తెలుసు. తలుపు తెలుసు, కపిల తెలుసు, చిటికెడెంతో గుప్పెడెంతో తెలుసు. అవ్వకు ఎదురు చెప్పలేక స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. దీనికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

రెండు రోజులుగా ప్రత్యేక తరగతులకు రాలేదేమని అయ్యవారే మా ఇంటికి వచ్చారు. చెల్లెల్ని చూశారు, గడియను చూశారు, నన్ను చూశారు. నన్ను చూసిన చూపు గురించి రాయను.

"ఏమప్పా, గడియ నువ్వు తీస్తావా, నన్ను తీయమంటావా?" అన్నారు మా నాయనతో.

"కాంపౌండరు వద్దన్యాడు సార్" అన్నాడు నాయన.

"నీ ఎద్దు కపిల కాడ పడిపోతే నీళ్లు పెడతావా, గడియ పెడతావా?"

నాయన లేచి గడియ తీశాడు. అవ్వ శాపనార్థాలు పెడుతూ వీధిలోకి పోయి కూర్చుంది. అయ్యవారు నా చేతనే కలిపించి, నా చేతనే రుచి చూపించారు. అమ్మ ఒడిలో చెల్లెలు. చెంచాతో పోయడం, కక్కితే కాసేపు ఆగి మళ్లీ పోయడం. మధ్యాహ్నం మొదలుపెడితే పొద్దు వాలేదాకా అదే పని. చివరికి చెల్లెలు అమ్మ చీర తడిపింది. అయ్యవారు పగలబడి నవ్వారు. "ఉచ్చ పోసినాదంటే కపిల తిరిగినట్టే" అన్నారు. రెండేళ్లలో ఆయన నవ్వు నేను విన్నది అదొక్కసారే.

మర్నాడు మా ఎదురింటి అక్క బిడ్డకు వచ్చింది. ఏడాదిన్నర పిల్ల. అయ్యవారు వెళ్లి, స్వయంగా చెంబు నిండా కలిపి, అక్క చేతికిచ్చి, ఎలా తాపాలో చూపించి, పై వీధిలో ఇంకో ఇంట్లో పిలిస్తే అటు వెళ్లారు. తిరిగి వచ్చేసరికి పిల్ల పోయింది. "తాపినావా తల్లీ?" అని అడిగారు. తాపినానన్నట్టు అక్క తల ఊపింది. అంతే. కాంపౌండరు నడివీధిలో నిలబడి "ఉప్పునీళ్లు తాపి బిడ్డను చంపినాడు" అన్నాడు. సాయంత్రానికి ఊరంతా అదే మాట.

మా ఊళ్లో ఆయన్ని ఉండనివ్వకూడదని అర్జీ రాశారు. దాని మీద మా నాయన వేలిముద్ర కూడా ఉంది. అదే నీళ్లు తాగి బతికిన చెల్లెల్ని చంకలో ఎత్తుకునే పోయి ముద్ర వేసి వచ్చాడు. "రేపు మనకు రోగమొస్తే సూది ఎవురేస్తారు? సారేస్తాడా?" అన్నాడు అమ్మ అడిగితే. మా నాయన చెడ్డవాడు కాదు. గడియ తీసింది ఆయనే. అయినా ఆ వేలు గుర్తొస్తే ఈనాటికీ నా ఒళ్లు మండుతుంది. నేను మాత్రం ఏం చేశాను? పదో తరగతి చదివే పిల్లను, చదవడం రాయడం వచ్చినదాన్ని. మా చెల్లెలు బతికింది చూడండి అని ఒక్క మాట అనలేదు. నెల తిరక్కుండా ఆయన్ని రాయదుర్గం అవతల, కన్నడం మాట్లాడే పల్లెకు బదిలీ చేశారు.

తర్వాత నేను నర్సు శిక్షణకు పోయాను. శిక్షణ పూర్తయ్యాక ఒకసారి ఆయన్ని చూడటానికి వెళ్లాను. సంతోషిస్తారనుకున్నాను. మజ్జిగ ఇచ్చి, నేను తాగేదాకా ఆగి, అప్పుడు తిట్టారు.

"ఆ ప్రశ్నకు నీకు నిండు మార్కులేసినా. తప్పు నాది. తెలియక గడియ పెట్టింది మీ అవ్వ. తెలిసి కూసున్యావు నువ్వు. మీ ఇద్దరిలో ఎవురికి మార్కులెయ్యాల?"

"మీరు మాత్రం ఎందుకు మాట్లాడలేదు సార్? చంపినాడంటే ఊరుకోని వచ్చేసినారే" అని నేనూ కోపంగానే అడిగాను. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. నోరు లేని వాటితో కూడా పోట్లాడే మనిషి తన మీద పడ్డ ఇంత నిందకు ఎందుకు నోరు మెదపలేదో నాకు అర్థం కాలేదు. భయపడ్డారేమో అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇవాళ సిగ్గుపడుతున్నాను.

ఇప్పుడు అవే ఉప్పూ చక్కెరలు సర్కారు పొట్లాల్లో వస్తున్నాయి. నేనే ఇంటింటికీ పంచుతున్నాను. పొట్లం తీసుకుని గూట్లో పెట్టి, పిల్లకు నీళ్లు కట్టేసే అవ్వలు ఇంకా ఉన్నారు. వాళ్ల మీద నేను గట్టిగానే అరుస్తాను. నర్సమ్మకు నోరెక్కువ అని మా అధికారికి ఫిర్యాదులు పోయాయి. పోనీ.

అందుకే సంతాపసభలో ఆ కాంపౌండరు "శాంతమూర్తి" అనగానే నేను లేచాను. "ఈయన్ని మీరు హంతకుడన్నారు. అర్జీ పెట్టి తరిమినారు. మా నాయన కూడా ముద్రేసినాడు. నేను నోరు మూసుకోని ఉన్నా. దండేసినారు సరే, ముందు ఆ మాట వెనక్కి తీసుకోండి" అన్నాను. కాంపౌండరు నెమ్మదిగా "పోయినోళ్ల సంగతి ఇప్పుడెందుకమ్మా" అన్నాడు. ఎవరో టీ వచ్చిందన్నారు. జనం లేచారు. నేను బయటికి వచ్చాను.

వరండా చివర ఎదురింటి అక్క నిలబడి ఉంది. ఆమె సభకు వస్తుందని నేను అనుకోలేదు. జుట్టు సగం నెరిసింది. నా చేయి పట్టుకుని స్తంభం చాటుకు తీసుకుపోయింది.

"చెల్లీ, మాట ఎనక్కి తీసుకోవాల్సింది వాళ్లు కాదు. నేను" అంది. "ఆ పొద్దు నా బిడ్డ ఆ నీళ్లు తాగనే లేదు."

నాకు అర్థం కాలేదు.

"సారు చెంబు ఇచ్చి అట్ల పోయినాడు. మా అత్త గడపలో నిలబడి, తాపితే నిన్నీ ఇంట్లో ఉండనియ్యను అనింది. తాపినట్టు చేసి పెరట్లోకి పోయి పారబోసినా. సారొచ్చి అడిగితే తాపినా అని తలూపినా. బిడ్డ పోయినాంక నిజం చెప్తే ఏమైతాది? నీళ్లియ్యకుండా తల్లే చంపుకునింది అంటారు."

"సారుకు తెలుసా?"

"బస్సెక్కే పొద్దు పోయి కాళ్లు పట్టుకోని చెప్పినా. కొడతాడనుకున్యా. సారు కోపం నీకు తెలుసు కదా. ఏమీ అనలా. నా తల మీద చెయ్యి పెట్టినాడు. నాకు బదిలీనే కదా తల్లీ, నువ్వు ఈడే బతకాల, ఎవురికీ చెప్పొద్దు అన్యాడు. మా అత్త పోయిన ఏడు పోయింది. ఇంక నాకు ఎవురి భయమూ లేదు. నువ్వు రాస్తావంట కదా, రాయి."

రాశాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో మాత్రం నాకు ఇంకా తేలలేదు. ఆ అత్త మీదా? ఆ సామెత మీదా? జిల్లా అంతటి మీదా కోపం ఉండి, కోపపడే హక్కు నిజంగా ఉన్నచోట ఒక్క మాట అనకుండా బస్సెక్కిన మా అయ్యవారి మీదా?

"పెరట్లో యాడ పారబోసినావక్కా?" అని ఆ స్తంభం చాటునే అడిగాను. ఎందుకడిగానో తెలియదు.

"గోడ మొదట్లో. ఆ ఎండకు కూడా తడి తొందరగా ఆరలేదు. అత్త చూస్తాదని కాలితో మట్టి లాగి కప్పినా" అంది.

చెబుతుంటే ఆమె కుడికాలు చెప్పులోంచి బయటికొచ్చి, వరండా ముందరి పొడిమట్టిని ఒకచోటికి తోస్తోంది. చెప్పడం అయిపోయాక కూడా తోస్తూనే ఉంది.